నూట ఎనిమిది

ఈ మంగళవారం కిటికీ పక్క బల్లకి మారాను.
కిలీబెగ్స్ రేవులో, వలలు కుట్టే కొట్టు మీది గదిలో
ఉన్నవి రెండే బల్లలు.
గోడవైపు లిమిట్ ఆట, కిటికీవైపు పాట్ లిమిట్.
మధ్యన నాలుగడుగులు కూడా ఉండవు.
నాకు నాలుగేళ్ళు పట్టింది.

గోడవైపు అన్నీ తూచిపెట్టిన పందేలే:
మొదట రెండు యూరోలు, ఆ తర్వాత నాలుగు.
అంతకు మించి దేవుడు దిగొచ్చినా వెయ్యనివ్వరు.
అక్కడెవరూ పారిపోరు.
చేతిలో చచ్చు ముక్కలున్నా, నాలుగేగా పోయేదని
ఆఖరి ముక్క పడేదాకా చలి కాచుకుంటూ కూర్చుంటారు.
నేనూ అంతే.
ఓడితే ఒక గిన్నెడు సూపు పోతుంది, గెలిస్తే ఒక గిన్నెడు వస్తుంది.
చేపల వేలంలో తూకం నా ఉద్యోగం;
అంకె ముందే తెలిస్తే గాని నాకు నిద్ర పట్టదు.

"ఇక్కడ ఎంతైనా వెయ్యొచ్చా?" అన్నాను, కుర్చీ లాక్కుంటూ.
ముక్కలు పంచే యూనన్ తలెత్తలేదు.
"ఎంతైనా కాదు, అట్రాక్టా. బల్ల మీద ఉన్నంత."

ఉన్నంత.
ఎంత మెత్తని మాట!
దానికి పళ్ళున్నాయని గంటసేపు తోచలేదు.

మొదటి లెక్కే తప్పాను.
పన్నెండున్న చోట ఎదుటివాడు పన్నెండు వేస్తే,
పెంచదలిస్తే ముందు వాడి పన్నెండు కలపాలి,
అప్పుడు కుప్ప ముప్పై ఆరు, దాని మీద ఇంకో ముప్పై ఆరు.
నేను "ఇరవై నాలుగు" అన్నాను, అదే ఆకాశమన్నట్టు.
ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

కాసేపటికి ఆఠీన్ రాణి, ఆఠీన్ తొమ్మిది వచ్చాయి.
మిగతావాళ్ళు తప్పుకున్నారు. మిగిలింది మేనస్ బైర్న్,
డెబ్బై దాటిన ట్రాలర్ మనిషి,
ఎడమచేతికి మూడే వేళ్ళు, ఆ మూడింటితోనే బిళ్ళలు తోస్తాడు.
బల్ల మీద ఆఠీన్ జాకీ, ఆఠీన్ నాలుగు, ఇస్పేటు ఏడు.
నడుమ పన్నెండుంది. పన్నెండు వేశాడు. కలిపాను.
కళావర్ రెండు పడింది.
ముప్పై ఆరు వేశాడు. కలిపాను;
గోడవైపు అలవాటుపడ్డ చెయ్యి, నన్నడక్కుండానే కదిలింది.
చివరికి ఆఠీన్ ఏడు.

నా అయిదు ఆఠీన్లూ నిండాయి.
బల్ల మీద ఏడుకి ఏడు తోడైంది కూడా.
మేనస్ రేవు దీపాలకేసి చూస్తూ "పాట్" అన్నాడు,
ఇంకో కప్పు టీ అడిగినట్టు.

నూట ఎనిమిది.

ఆ కుప్పలో సగం నేను పెట్టిందే.
నన్ను ముంచడానికొచ్చిన అలకి
బిందెతో నీళ్ళు మోసింది నేనే.
గోడవైపైతే నిజం నాలుగు యూరోలు:
కొంటాం, చూస్తాం, ఉసూరుమంటాం, మర్చిపోతాం.
ఇక్కడ మనం దగ్గరికెళ్ళేకొద్దీ దాని వెల పెరుగుతుంది.
కోటు జేబులో ఉన్నది నూట నలభై,
బాయిలర్ బాగుచేసేవాడికి శుక్రవారం ఇవ్వాల్సింది.

యూనన్ తొందరపెట్టలేదు.
కింద ఎవడో వ్యాన్ తలుపు రెండుసార్లు వేశాడు, సరిగా పడక.

ముక్కలు బోర్లించి తోశాను.
మేనస్ కూడా బోర్లించే తోశాడు.
నా రాణీ, ఆయన దగ్గరున్నదేదో,
ఒకే కట్టలోకి వెళ్ళిపోయాయి.

తెల్లారి అయిదింటికి ఆయన పడవ కట్టారు.
కానాగంతల పెట్టె మీద మంచు తుడుస్తూ
ఆపుకోలేక అడిగేశాను: "రాత్రి నీ దగ్గర ఏముంది?"

"నూట ఎనిమిది," అన్నాడు, నవ్వకుండా.

పెట్టె కాటా మీదికెక్కింది.
ముల్లు ఊగి, ఊగి, నిలబడింది.
నలభై ఒకటిన్నర కిలోలు.
అది మాత్రం ఊరికే చెప్పాను.